గ్లైడర్ నేర్పాలంటే ఏ అనుభవం అసలైనది?

అందరికీ నమస్కారం. గ్లైడర్ (సాధారణంగా ఇంజిన్ లేకుండా ఎగిరే విమానం) ఇన్‌స్ట్రక్టర్ కోర్సులో చేరాలనుకుంటున్నాను. యూరప్ నిబంధనల ప్రకారం ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే పైలట్ ఇన్ కమాండ్‌గా (అంటే విమానం బాధ్యత తనదే అయిన పైలట్‌గా) 100 గంటలు, 200 లాంచ్‌లు (గాల్లోకి లేవడాలు) ఉండాలి. అమెరికాలో గ్లైడర్ మీద కనీసం 15 గంటలే అడుగుతారు. ఇంత తేడా చూశాక గంటల లెక్క మీద నాకు నమ్మకం తగ్గింది.

గ్లైడర్ పైలట్లకిచ్చే సిల్వర్ బ్యాడ్జ్‌కి కావలసిన 50 కిలోమీటర్ల దూరం, 5 గంటలు గాల్లో ఉండటం లాంటివి కొత్తవాళ్ళకి నేర్పడంలో నిజంగా పనికొస్తాయా? నాకైతే ఇన్‌స్ట్రక్టర్ కూర్చునే వెనక సీట్లోంచి చేసిన లాండింగ్‌లే ముఖ్యమనిపిస్తుంది. అక్కణ్ణుంచి ముందు సరిగ్గా కనపడదు. నేల దగ్గరికొచ్చాక విద్యార్థి స్టిక్ (ముక్కును పైకీ కిందకీ తిప్పే కర్ర) గట్టిగా లాగేస్తే గ్లైడర్ మళ్ళీ పైకి లేస్తుంది, వేగం పడిపోతుంది. అప్పుడు నోటితో చెప్పాలా, స్టిక్ మనమే అందుకోవాలా? ఆలోచించే వ్యవధి ఒకటి రెండు సెకన్లే. వించ్ లాంచ్‌లో (నేల మీది యంత్రం కేబుల్‌తో గ్లైడర్‌ని లాగి పైకి లేపే పద్ధతిలో) తక్కువ ఎత్తులో కేబుల్ తెగినా అంతే, ముక్కు వెంటనే దించాలి.

స్టిక్ అందుకునే ముందు ఎంతసేపు ఆగాలో తెలిసే ఆ అంచనా ఎలా వస్తుంది? సొంతంగా ఎగిరితేనా, సీనియర్ల దగ్గర నేర్పడం సాధన చేస్తేనా? మొదటి విద్యార్థిని సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) పంపేనాటికి మీకు ఏ అనుభవం అక్కరకొచ్చింది, ఏది లోటనిపించింది? నేర్పుతున్నవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.