స్లాబ్‌లో వచ్చిన 1911 'పంది రూపాయి'కి ఈ ధర తగినదేనా?

కృష్ణాతీరం:

సభ్యులందరికీ నమస్కారం. ఐదవ జార్జి బొమ్మ ఉన్న 1911 నాటి వెండి రూపాయిని, అంటే సేకర్తలు 'పంది రూపాయి' అని పిలుచుకునే నాణేన్ని, ఒక ఆన్‌లైన్ విక్రేత దగ్గర ₹14,500కు కొన్నాను. అమ్మకపు పేజీలో 'ఏయూ, ఎన్‌జీసీ సర్టిఫైడ్, అరుదైనది' అని మాత్రమే ఉంది. చేతికి వచ్చిన స్లాబ్ (గ్రేడింగ్ సంస్థ నాణేన్ని పెట్టి మూసి ఇచ్చే ప్లాస్టిక్ పెట్టె) లేబుల్ మీద మాత్రం 'ఏయూ డీటైల్స్' అనీ, దాని కింద 'క్లీన్డ్' అనీ ఉంది. గ్రేడు సంఖ్య ఎక్కడా లేదు. నాణెం తెల్లగా ఉంది, రాజు కిరీటం మీది నగిషీ కూడా స్పష్టంగానే కనిపిస్తోంది. ఇదే సంవత్సరపు రూపాయి, స్లాబ్ లేనిది, మా ఊళ్లో తెలిసిన వ్యాపారి దగ్గర ఇందులో మూడో వంతు ధరకే ఉంది. వాపసు గడువు ఇంకా ముగియలేదు. ఈ లేబుల్‌కు అర్థం ఏమిటో, పెట్టిన ధర సమంజసమో కాదో, మళ్లీ గ్రేడింగ్‌కు పంపిస్తే సంఖ్య వచ్చే అవకాశం ఉందో లేదో పెద్దలు చెప్పగలరు.

రాగిదమ్మిడీ:

కృష్ణాతీరం గారూ, ముందు లేబుల్ సంగతి చూద్దాం. నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే అమెరికా సంస్థలు ఎన్‌జీసీ, పీసీజీఎస్ రెండూ 1 నుంచి 70 వరకు ఉండే షెల్డన్ కొలమానాన్నే వాడతాయి. అందులో ఏయూ (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్) అంటే 50, 53, 55, 58 సంఖ్యలు; చలామణిలో తిరిగినా ఎత్తైన భాగాల మీద కొద్దిపాటి అరుగుదల మాత్రమే ఉన్న నాణేలకు ఇవి దక్కుతాయి. మీ నాణెం అరుగుదలను బట్టి ఆ స్థాయిలోనే ఉన్నా, ఎవరో దానిని తోమి శుభ్రం చేశారు కాబట్టి సంఖ్య ఇవ్వకుండా 'డీటైల్స్' అని రాసి, కారణం కింద పేర్కొన్నారు. అంటే నాణెం అసలైనదేనని వారు ఒప్పుకున్నారు గానీ ఉపరితలం సహజంగా ఉందని ఒప్పుకోలేదు. విక్రేత తన పేజీలో ఆ ఒక్క మాట తీసేసి మిగతాదంతా రాయడం కేవలం పొరపాటని నేను అనుకోను.

మన దేశంలో వెండి రూపాయలకు ఈ గతి పట్టడానికి కారణం మన ఇళ్లలోనే ఉంది. లక్ష్మీపూజలో పెట్టిన రూపాయిని మరుసటి ఏడు మళ్లీ పూజకు తీసేముందు చింతపండుతోనో విభూతితోనో తోమడం మన వాళ్లకు అలవాటు. భూతద్దం పెట్టి అక్షరాల మూలల్లో చూస్తే కొన్నిటిలో ఎండిపోయిన కుంకుమ ఇప్పటికీ కనిపిస్తుంది. దండలో వేసుకోవడానికి కొక్కెం అతికించి, తరువాత పీకేసి, ఆ చోట రాసి నున్నగా చేసిన నాణేలు కూడా చాలా ఉన్నాయి. మీ నాణేన్ని ఒకే ఒక్క దీపం కింద పెట్టి, స్లాబ్‌ను నెమ్మదిగా వంచుతూ చూడండి. ముట్టని వెండిలో మెరుపు కేంద్రం చుట్టూ చక్రం ఆకులు తిరిగినట్టు తిరుగుతుంది. తోమిన వెండి ఎటు వంచినా ఒకేలా తెల్లగా ఉంటుంది, రాజు ముఖం ఎదుట ఉండే ఖాళీ స్థలంలో సన్నని గీతలు ఒకే దిశలో బయటపడతాయి.

ఇక ధర. శుభ్రం చేసిన ఏయూ నాణేనికి నేనైతే వీఎఫ్ (వెరీ ఫైన్, ఏయూ కన్నా ఎక్కువ అరిగిన) స్థాయి ధర కన్నా ఎక్కువ పెట్టను. మీరు చెల్లించింది సంఖ్య ఉన్న ఏయూ నాణేనికి అడిగే ధర లాగా ఉంది.

పాతబస్తీ సేకర్త:

రాగిదమ్మిడీ గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, 'అరుదైనది' అన్న మాట గురించి కొంత చెప్పాలి. ఈ నాణెం మీద రాజు ఛాతీని అలంకరించిన హారంలో ఒక చిన్న ఏనుగు ఉంటుంది. 1911 అచ్చులో దాని తొండం పొట్టిగా పడి, చూసేవారికి పందిలా తోచడంతో ముస్లింలు అభ్యంతరం తెలిపారు. 1912 నుంచి పొడవైన తొండంతో కొత్త అచ్చు వచ్చింది. అంతకుముందు తయారైన వాటిలో చాలా భాగం జనంలోకి రాకుండానే కరిగిపోయింది. దాదాపు 94 లక్షలు ముద్రించగా సుమారు 7 లక్షలు మాత్రమే బయటికి వచ్చాయన్నది క్యాటలాగుల్లో కనిపించే లెక్క. కోట్ల సంఖ్యలో అచ్చయిన 1918 రూపాయితో పోలిస్తే ఇది తక్కువే. కానీ కథ పేరుమోసినది కావడం వల్ల దొరికినవారు దొరికినట్టు దాచుకున్నారు, అందుకే సంతలో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. కథకు ఉన్న గిరాకీని అరుదుతనంగా చూపించి అమ్మడం ఈ నాణెం విషయంలో మామూలైపోయింది.

గ్రేడింగ్ సంస్థల పాపులేషన్ రిపోర్టులో, అంటే తాము గ్రేడు చేసిన నాణేల పట్టికలో, సంఖ్య తక్కువగా ఉందని చూపిస్తే కూడా తొందరపడకండి. మా వైపు నిజాం కాలపు చార్మినార్ రూపాయలనే తీసుకోండి. వాటిలో కొన్ని సంవత్సరాల నాణేలు రిపోర్టులో అతి కొద్దిగా కనిపిస్తాయి. గ్రేడింగ్ రుసుము, రవాణా ఖర్చు కలిపితే నాణెం ధర కన్నా ఎక్కువైనప్పుడు ఎవరు పంపిస్తారు? ఆ రిపోర్టు పంపిన నాణేల లెక్కే గానీ ఉన్న నాణేల లెక్క కాదు.

మళ్లీ గ్రేడింగ్‌కు అమెరికా పంపే ఆలోచన మీరు విరమించుకోవడం మంచిది. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, దానిని దేశం దాటించడానికి వ్యక్తులకు అధికారం లేదు. మీ రూపాయి ఆ గీత దాటి చాలా కాలమైంది.

డాలస్ తెలుగు:

నేనుండే అమెరికా నుంచి ఎన్‌జీసీకి పంపడానికి ఆ అడ్డంకి లేకపోయినా, పంపి ప్రయోజనం ఉండదనే నేనూ చెబుతాను. తోమిన గీతలు రెండోసారి చూస్తే మాయం కావు. స్లాబ్ పగలగొట్టి నాణేన్ని విడిగా తీసి, కొత్తగా వచ్చినదానిలా పంపేవారు ఉన్నారు. అదృష్టం మీద ఆధారపడే ఆ ఆటకు ఈ స్థాయి నాణెం తగదు.

ఇంకా ఒక పని మిగిలి ఉంది. లేబుల్ మీది సర్టిఫికేషన్ నంబరును ఎన్‌జీసీ వెబ్‌సైటులో నమోదు చేసి చూడండి. నాణెం వివరాలు, 'డీటైల్స్' అన్న మాట సరిపోవడమే చాలదు, అక్కడ ఫొటో ఉంటే మీ చేతిలోని నాణెంతో మచ్చ మచ్చకీ పోల్చాలి. ఎందుకంటే నకిలీ స్లాబ్ తయారుచేసేవారు నిజమైన నంబరునే కాపీ కొడతారు. ఆపైన ఏనుగును చూడండి. తరువాతి సంవత్సరపు నాణెంలో అంకె మార్చి 1911 చేసినా, తొండం మాత్రం పొడవుగానే ఉండిపోతుంది.

వాపసు విషయంలో నాది కొంచెం వేరే అభిప్రాయం. అసలైనదన్న భరోసాతో ఆల్బమ్‌లో ఒక ఖాళీ నింపుకోవడానికి డీటైల్స్ నాణెం చెడ్డదేమీ కాదు. విక్రేత ధర సగానికి తగ్గిస్తే ఉంచుకోవచ్చు. తోడీవాలా, మరుధర్ ఆర్ట్స్ వంటి వేలం సంస్థలు అమ్ముడైన ధరలను ప్రకటిస్తాయి కాబట్టి బేరానికి ముందు వాటిని చూసుకోండి. అక్కడి ధర మీద కమిషన్, జీఎస్టీ కూడా చేరతాయని మరువవద్దు. ఆన్‌లైన్‌లో అడుగుతున్న ధరలను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

కృష్ణాతీరం:

ముగ్గురికీ ధన్యవాదాలు. నంబరు, ఫొటో సరిపోయాయి, తొండం పొట్టిదే. దీపం కింద వంచి చూస్తే ముఖం ఎదుట గీతలు వాలుగా, దగ్గర దగ్గరగా కనిపించాయి. చక్రంలా తిరిగే మెరుపు లేదు. ధర తగ్గించమని అడిగితే విక్రేత వెయ్యి రూపాయలకు మించి కుదరదన్నారు. వాపసు చేయాలనే నిర్ణయానికి వచ్చాను.

రాగిదమ్మిడీ:

వెయ్యి తగ్గింపుకు మీరు ఒప్పుకోకపోవడం సబబే. కారణం రాసేటప్పుడు 'నచ్చలేదు' అని పెట్టకండి, 'వివరణలో డీటైల్స్, క్లీన్డ్ అన్న మాటలు లేవు' అని రాసి, అమ్మకపు పేజీ స్క్రీన్‌షాట్‌ను, లేబుల్ ఫొటోను పక్కపక్కన జతచేయండి. విక్రేత ఆ పేజీని మార్చకముందే ఈ పని చేయాలి. స్లాబ్‌ను ప్యాక్ చేస్తూ నంబరు కనిపించేలా వీడియో తీసి, బీమా చేయించి పంపండి. డబ్బు తిరిగి వచ్చాక, మీ ఊరి వ్యాపారి దగ్గరున్న నాణేన్ని పగటి వెలుగులో, తూకం వేసి చూడండి. అచ్చయినప్పటి బరువు 11.66 గ్రాములు, అరిగినదైతే కాస్త తగ్గుతుంది. అంచు మీద కొక్కెం గుర్తు లేకపోతే దాని గురించి ఇక్కడ రాయండి, ఫొటోలు చూసి చెబుతాం.