యాక్సెస్‌లో టేబుళ్ల లింకులు తెగిపోయాయి

అంబాజీపేటలో మాది కొబ్బరి కొట్టు. రైతుల ఖాతాలన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌లోనే. డేటా ఫైలు వేరే కంప్యూటర్‌లో ఉంది, దాన్ని జెడ్ డ్రైవ్‌గా పెట్టుకున్నాం. నిన్న మా అబ్బాయి ఏదో సర్దాడు, అది వై డ్రైవ్ అయి కూర్చుంది. ఏ ఖాతా తెరిచినా పాత్ (ఫైలు ఉన్న చోటు) సరైనది కాదంటోంది. బయట కాయల బండి ఆగి ఉంది, ఒకటే టెన్షన్.

జవాబు: డేటా ఎక్కడికీ పోలేదండి. ముందు ఫైలుకి కాపీ తీసుకోండి. ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబ్‌లో లింక్డ్ టేబుల్ మేనేజర్ తెరిచి, టేబుళ్లకు టిక్ పెట్టి కొత్త చోటు చూపించండి.

ఇంకొకరు: డ్రైవ్ అక్షరం మాత్రం వద్దు. రెండు బ్యాక్‌స్లాష్‌లు, కంప్యూటర్ పేరు, మళ్లీ బ్యాక్‌స్లాష్, షేర్ చేసిన ఫోల్డర్ పేరు ఇవ్వండి. రేపు అక్షరం మారినా లింకు తెగదు.

అడిగినాయన: వచ్చేశాయండి, 14 టేబుళ్లూ! బయానాల టేబుల్ ఒక్కటి అసలు తెగనేలేదు. ఏమిటా అని చూస్తే, అది డెస్క్‌టాప్ మీది పాత కాపీకి లింకై ఉంది. రెండు నెలల బయానాలు అందులోనే ఎక్కాయి.