కేటీ టేలర్‌ను చూసి ఇంటర్ కాగానే ప్రొఫెషనల్ బాక్సింగ్‌కు వెళ్తానంటున్న మా బిడ్డకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: నల్లగొండ తండ్రి

అందరికీ నమస్కారం. మా బిడ్డ ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. హైస్కూలులో ఉండగా బాక్సింగ్ మొదలుపెట్టి, ఎస్‌జీఎఫ్ (పాఠశాలల క్రీడా సమాఖ్య) పోటీల్లో రాష్ట్రస్థాయి వరకు వెళ్లింది. తెల్లవారుజామున ఎన్‌జీ కాలేజీ మైదానంలో పరుగు, సాయంత్రం సార్ దగ్గర ప్యాడ్ల మీద సాధన, ఇదే ఆమె దినచర్య. ఆమె బరువులో మా ఊళ్లో మరో అమ్మాయి లేనందున స్పారింగ్ (రింగులో ఎదురెదురుగా ఆడే సాధన పోరు) అబ్బాయిలతోనే చేయాల్సి వస్తోంది.

ఐర్లాండ్ బాక్సర్ కేటీ టేలర్, ప్యూర్టోరికో బాక్సర్ అమాండా సెరానోల మధ్య 2024 నవంబరులో టెక్సాస్‌లో జరిగిన పోటీని నెట్‌ఫ్లిక్స్‌లో చూసినప్పటి నుంచి ఆమె ఒకటే మాట పట్టుకుంది. రాష్ట్రస్థాయి, జాతీయస్థాయి, శిక్షణ శిబిరాలు అంటూ ఏళ్లు గడపడం కన్నా, ఇంటర్ కాగానే ప్రొఫెషనల్‌గా మారితే పేరూ డబ్బూ త్వరగా వస్తాయన్నది ఆమె వాదన. ఆ కోరికను కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. అయితే నాకు తెలియని ఆట గురించి ఆమెతో వాదించలేక, తెలిసినవారిని అడుగుదామని ఇక్కడ రాస్తున్నాను.

కేటీ టేలర్ నిజంగా ఏ దారిన అంత ఎత్తుకు చేరింది? ఒలింపిక్ తరహా బాక్సింగ్‌లో గడిపిన ఏళ్లు ఆమెకు ప్రొఫెషనల్ రింగులో అక్కరకు వచ్చాయా, లేక మా బిడ్డ అంటున్నట్లు ఆ కాలమంతా వృథాయేనా? మరొక సందేహం కూడా ఉంది. ఆ పోటీలో సెరానో కంటి మీద గాయమై రక్తం కారుతున్నా ఆమె దెబ్బలే ఎక్కువ తగిలినట్లు నాకు కనిపించింది. ముగ్గురు జడ్జీలూ ఒకే విధంగా 95–94తో టేలర్‌ను గెలిపించడం ఎలా సాధ్యమైందో నాకు అర్థం కాలేదు. దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: దేవరకొండ పాఠకుడు

అన్నగారూ, మీ బిడ్డ చూసింది టేలర్ జీవితంలోని రెండో సగాన్ని మాత్రమే. మొదటి సగం తెలియకుండా రెండోది అర్థం కాదు.

ఆమె 1986 జూలై 2న డబ్లిన్‌కు దక్షిణాన సముద్రతీరంలో ఉన్న బ్రే పట్టణంలో పుట్టింది. తండ్రి పీట్ స్వయంగా ఐరిష్ సీనియర్ చాంపియన్. ఇంట్లోనే శిక్షకుడున్నా ఆడపిల్లకు రింగు దొరకలేదు, ఎందుకంటే అప్పట్లో ఐర్లాండ్‌లో అమ్మాయిలకు అధికారిక పోటీలే లేవు. కొంతకాలం ఆమె జుట్టును హెడ్‌గార్డులోకి దోపుకొని, జాబితాలో ‘కె. టేలర్’ అని మాత్రమే రాయించుకొని, అబ్బాయిల మధ్య అబ్బాయిలా ఆడింది. 2001 అక్టోబరు 31న డబ్లిన్ నేషనల్ స్టేడియంలో, ఆ దేశంలో అధికారిక గుర్తింపు పొందిన తొలి మహిళల బౌటు జరిగినప్పుడు రింగులో దిగిన ఇద్దరిలో ఆమె ఒకరు. అప్పటికి ఆమెకు 15 ఏళ్లు, అంటే దాదాపు మీ బిడ్డ వయసు. మీ ఊళ్లో తోటి అమ్మాయి లేదని రాశారు కదా, ఆమెకు దేశంలోనే ఎవరూ కనబడని రోజులవి.

ఆ తర్వాత పదిహేనేళ్లు ఆమె అమెచ్యూర్‌గానే, అంటే ఒలింపిక్ తరహా బాక్సర్‌గానే ఉంది. మొదటి ప్రపంచ స్వర్ణం 2006లో మన ఢిల్లీలోనే గెలిచింది. మేరీ కోమ్, సరితా దేవి స్వర్ణాలు గెలిచిన పోటీలే అవి. ఆ తర్వాత 2008, 2010, 2012, 2014 ప్రపంచ పోటీల్లోనూ 60 కిలోల విభాగంలో ఆమెదే స్వర్ణం. దీని మధ్యలో ఐర్లాండ్ జాతీయ జట్టు తరఫున ఫుట్‌బాల్ కూడా ఆడింది. ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్‌ను తొలిసారి చేర్చిన 2012 లండన్‌లో ఐర్లాండ్ పతాకధారి ఆమే. ఫైనల్లో రష్యాకు చెందిన సోఫియా ఒచిగావాను 10–8తో ఓడించి స్వర్ణం తెచ్చింది.

ఇక్కడ మీ బిడ్డతో కూర్చొని మాట్లాడవలసిన సంవత్సరం 2016. తండ్రి శిక్షణ నుంచి విడిపోయిన తర్వాతి కాలమది. ఆ ఏడాది ప్రపంచ పోటీల సెమీఫైనల్లో ఫ్రాన్స్‌కు చెందిన ఎస్టెల్ మోస్లీ చేతిలో, రియో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఫిన్లాండ్‌కు చెందిన మీరా పోట్కోనెన్ చేతిలో ఓడిపోయి, రియో నుంచి పతకం లేకుండా ఇంటికి వచ్చింది. అప్పుడు ఆమెకు 30 ఏళ్లు. నవంబరు 26న లండన్‌లోని వెంబ్లీ అరీనాలో కరీనా కోపిన్‌స్కాపై మూడో రౌండులోనే గెలిచి ప్రొఫెషనల్ జీవితాన్ని ఆరంభించింది. ఏడాది తిరక్కముందే, 2017 అక్టోబరు 28న కార్డిఫ్‌లో డబ్ల్యూబీఏ (ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటి) లైట్‌వెయిట్ టైటిల్ గెలుచుకుంది. చూసేవారికి అది పదకొండు నెలల్లో వచ్చిన టైటిల్. నా దృష్టిలో మాత్రం అది 2001 నుంచి లెక్కించవలసిన టైటిల్.

పేరూ డబ్బూ సంగతికి వస్తే, ప్రమోటర్ ఎడ్డీ హెర్న్ ఆమెతో ఒప్పందం చేసుకున్నది ఒలింపిక్ స్వర్ణం, ఐదు ప్రపంచ స్వర్ణాలు ఉన్న బాక్సర్‌గా. మొదటి ప్రొఫెషనల్ పోటీకే టీవీ కెమెరాలు రావడానికి కారణం ఆ పతకాలే.

జవాబు: మిర్యాలగూడ అభిమాని

పై వివరాలన్నీ నిజమే కానీ, టేలర్‌కు జడ్జీల అండ ఎక్కువన్న అభిప్రాయం నాది. 2019 జూన్ 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బెల్జియం బాక్సర్ డెల్ఫీన్ పర్సూన్‌తో జరిగిన పోటీ చూడండి. నాలుగు ప్రధాన సంస్థల లైట్‌వెయిట్ టైటిళ్లూ అక్కడే టేలర్ చేతికి వచ్చాయి. ఆఖరి రౌండ్లలో పర్సూన్ ఆమెను ఊపిరి తీసుకోనివ్వలేదు. ఒక జడ్జీ సమానమని ఇచ్చాడు, మిగతా ఇద్దరు టేలర్‌కు ఇచ్చారు. నేనైతే పర్సూన్ గెలిచిందనే అనుకున్నాను. నల్లగొండ అన్నగారి అనుమానం ఊరికే వచ్చింది కాదు.

జవాబు: పాలమూరు వ్యాయామ సారు

నేను మహబూబ్‌నగర్‌లో పిల్లలకు బాక్సింగ్ నేర్పుతుంటాను. ముందు 95–94 లెక్క తీసుకుందాం, ఎందుకంటే అది తెలిస్తే ఆ ఆట చూసే తీరే మారిపోతుంది.

ప్రొఫెషనల్ పోటీలో ప్రతి రౌండుకు విడిగా తీర్పు ఉంటుంది. రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి సాధారణంగా 9. మహిళల టైటిల్ పోటీలో పది రౌండ్లు. టెక్సాస్‌లో ముగ్గురు జడ్జీలూ టేలర్‌కు ఆరు, సెరానోకు నాలుగు రౌండ్లు ఇచ్చారు. ఆరు పదులు అరవై, నాలుగు తొమ్మిదులు ముప్పై ఆరు, మొత్తం 96. తల తగిలించినందుకు రిఫరీ టేలర్‌కు ఒక పాయింటు కోత వేశాడు కనుక 95 మిగిలింది. సెరానోకు నాలుగు పదులు నలభై, ఆరు తొమ్మిదులు యాభై నాలుగు, మొత్తం 94. టేలర్ ఇంకొక్క రౌండు పోగొట్టుకొని ఉంటే చెరి ఐదు రౌండ్లై, కోతతో ఆమెకు 94, సెరానోకు 95 వచ్చి ఫలితం తలకిందులయ్యేది. మొత్తం దెబ్బల సంఖ్యను ఏ జడ్జీ కూడడు. ఒక రౌండులో సెరానో కుండపోతగా కొట్టినా ఆమెకు వచ్చేది అదే పది. తర్వాతి రౌండును టేలర్ స్వల్ప తేడాతో గెలిచినా ఆమెకూ పదే. రక్తానికీ మార్కులు లేవు. ఇంతకూ ఆ గాయం తలలు ఢీకొనడం వల్ల అయినది. పాయింటు కోత కూడా తలల విషయంలోనే పడింది.

మిర్యాలగూడ తమ్ముడి మాటలో కొంత నిజముంది. పర్సూన్‌తో మొదటి పోటీ ఎటైనా పోగలిగినదే. అందుకే 2020 ఆగస్టులో ఇంగ్లండ్‌లో ఆమెతో మళ్లీ తలపడి, ఈసారి ముగ్గురు జడ్జీల తీర్పుతోనూ గెలిచింది. జడ్జీల అండే ఆమెను నిలబెట్టిందంటే మాత్రం నేను ఒప్పుకోను. 2023 మే 20న డబ్లిన్‌లో, సొంత జనం మధ్య, తన సహజమైన బరువు కన్నా పై విభాగంలో ఇంగ్లండ్‌కు చెందిన చాంటెల్ కామెరాన్‌తో ఆడి ఓడింది. అది ఆమె మొదటి ప్రొఫెషనల్ ఓటమి; సొంత దేశంలో మొదటి ప్రొఫెషనల్ పోటీ కూడా అదే. 2016లో డబ్లిన్‌లో ఒక బాక్సింగ్ తూకం కార్యక్రమంపై ముష్కరులు కాల్పులు జరిపి ఒకరిని చంపిన తర్వాత అక్కడ పెద్ద ప్రొఫెషనల్ పోటీలు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. అంతగా ఎదురుచూసిన రోజున ఓడి కూడా ఆమె నవంబరులో అదే హాలులో అదే కామెరాన్‌ను ఓడించి, రెండో విభాగంలోనూ నాలుగు టైటిళ్లనూ సాధించింది.

ఇక ఆటల మధ్య తేడా. ఈనాటి అమెచ్యూర్ బౌటు మూడు రౌండ్లు, ఒక్కొక్కటి మూడు నిమిషాలు. ప్రొఫెషనల్ మహిళల టైటిల్ పోటీ రెండు నిమిషాల చొప్పున పది రౌండ్లు. అంటే తొమ్మిది నిమిషాలెక్కడ, ఇరవై నిమిషాలెక్కడ! హెడ్‌గార్డు ఉండదు, గ్లోవ్‌లు తేలిక. అమెచ్యూర్ టోర్నమెంటులో ఇంకో రకం కష్టం ఉంటుంది. లండన్‌లో టేలర్ నాలుగు రోజుల వ్యవధిలో ముగ్గురు వేర్వేరు ప్రత్యర్థులతో ఆడింది. పొట్టివారు, పొడగరులు, ఎడమచేతి వాటం వారు, ముందుకు దూకేవారు, వెనక్కి లాగేవారు, ఇలా అందరినీ తక్కువ సమయంలో చదవడం ఆ దారిలోనే అలవడుతుంది. కొత్తగా ప్రొఫెషనల్ అయిన పిల్లకు ఏడాదికి నాలుగైదు పోటీలు దొరికితే గొప్ప. పోటీలు లేక స్పారింగ్ మీదే బతికే బాక్సర్ కన్ను మొద్దుబారుతుంది.

మీ బిడ్డతో కలిసి 2025 జూలై 11న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన మూడో సెరానో పోటీని చూడండి (టెక్సాస్‌లోది రెండోది). మొదటి రెండు పోటీల్లో టేలర్ నిలబడి దెబ్బకు దెబ్బ ఇచ్చింది. మూడోసారి అలా నిలబడలేదు. సెరానో సౌత్‌పా, అంటే ఎడమచేతి వాటం బాక్సర్. ఆమె ఎడమ చేయి అందేలోపు టేలర్ పక్కకు అడుగు జరిపి, ఒకటి రెండు పంచ్‌లు వేసి, మళ్లీ దూరం జరిగింది. ప్రేక్షకులకు కొంత విసుగు కలిగి ఉండవచ్చు, కానీ ఇద్దరు జడ్జీలు 97–93తో ఆమెకు ఇచ్చారు, ఒకరు సమానమన్నారు. 39 ఏళ్ల వయసులో ఆమెను గెలిపించిన ఆ ఫుట్‌వర్క్ పదిహేనేళ్ల అమెచ్యూర్ బౌట్లలో కాళ్లకు ఎక్కినది. మా పిల్లలకు నేను మొదటి ఆరు నెలలు బ్యాగు ముట్టనివ్వకుండా కాళ్ల పనే నేర్పేది అందుకే.

నల్లగొండ తండ్రి

సార్, ఆ 95–94 లెక్కను కాగితం మీద వేసి మా బిడ్డకు చూపించాను. ఆమె రౌండు రౌండుకూ ఆపి తన సొంత మార్కులు వేస్తోంది. ధన్యవాదాలు. ఇప్పుడు ఇంకో ప్రశ్న వేసింది: అమెచ్యూర్‌గా పేరు తెచ్చుకున్నాక అక్కడే ఉండిపోవాలా, టేలర్‌లా దాటాలా? అలా దాటకుండా ఉండిపోయి సంతోషంగా ఉన్నవారు ఎవరైనా ఉన్నారా?

జవాబు: సూర్యాపేట అక్క

అన్నగారూ, నేను ఒకప్పుడు బాక్సింగ్ ఆడి క్రీడా కోటాలో ఉద్యోగం పొందినదాన్ని. మీ బిడ్డ ప్రశ్నకు జవాబు టేలర్ దేశంలోనే ఉంది. డబ్లిన్‌కు చెందిన కెల్లీ హారింగ్టన్‌దీ అదే 60 కిలోల విభాగం. టేలర్ ప్రొఫెషనల్‌గా వెళ్లాక ఆ స్థానంలోకి వచ్చి, 2018లో మన ఢిల్లీలోనే ప్రపంచ స్వర్ణం గెలిచింది. తర్వాత టోక్యోలోనూ పారిస్‌లోనూ ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చింది. అంతవరకూ ఒక మానసిక ఆరోగ్య ఆసుపత్రిలో పారిశుధ్య ఉద్యోగాన్ని వదలలేదు. పారిస్ ఫైనల్ అయిపోగానే రింగులోనే విరమణ ప్రకటించింది, ప్రొఫెషనల్ వైపు వెళ్లలేదు. ఒకే దేశం, ఒకే బరువు, రెండు దారులు. ఏది మేలన్నది ఆ మనిషిని బట్టి ఉంటుంది కానీ, ఇద్దరికీ ఎంచుకునే స్వేచ్ఛ వచ్చింది మాత్రం పతకాల తర్వాతే.

మన దగ్గర లెక్క ఇంకా సూటిగా ఉంది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. పారిస్‌లో పతకం రాకపోయినా రాష్ట్ర ప్రభుత్వం ఆమెను డీఎస్పీగా నియమించింది. ఆడపిల్ల ఆటను ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి భరించాలంటే ఇలాంటి ఆధారం కావాలి, ఇది నా అనుభవంతో చెబుతున్నాను. మన దేశంలో ప్రొఫెషనల్ మహిళా బాక్సర్‌కు క్రమం తప్పకుండా పోటీలు పెట్టే ఏర్పాటు ఇంకా బలపడలేదు. విజేందర్ సింగ్ కూడా ఒలింపిక్ పతకం చేతిలో ఉండగానే 2015లో మాంచెస్టర్‌కు వెళ్లి మొదలుపెట్టాడు.

2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ ఉంటుందని 2025 మార్చిలో ఖరారైంది. మీ బిడ్డ వయసుకు యూత్ విభాగం దగ్గర పడుతోంది కనుక ఈ రెండేళ్లలో జాతీయస్థాయి బౌట్లు ఎన్ని దొరికితే అన్ని ఆడనివ్వండి. అబ్బాయిలతో స్పారింగ్ మాన్పించకండి, కానీ సెలవుల్లో హైదరాబాద్‌లోనో నిజామాబాద్‌లోనో తన బరువు అమ్మాయిలతో కొన్ని వారాలు సాధన చేసే ఏర్పాటు చూడండి. అబ్బాయిల బలానికి అలవాటుపడిన పిల్లలు వెనక్కి జరగడం బాగా నేర్చుకుంటారు కానీ, ముందుకు వచ్చి రౌండును తమ చేతిలోకి తీసుకోవడం దగ్గర తడబడతారు. నా ఆటలో ఆ లోటు చివరిదాకా ఉండిపోయింది. నిజామాబాద్‌లో సాధన కుదిరేలా ఉంటే ఇక్కడే ఒక మాట రాయండి, అక్కడ ఆడేటప్పుడు నాతో ఉన్నవారిని అడిగి చూస్తాను.