టీబీ పరిశోధనకు జీబ్రా చేప సరిపోతదా?

పానగల్_చెరువు: నల్లగొండలో కొత్తగా పెట్టే పీజీ ల్యాబులో టీబీ మందుల వడపోతకు ఎలుకల బదులు జీబ్రా చేపలు పెట్టొచ్చా? ఖర్చు మాట పక్కన పెట్టి, ఫలితాన్ని నమ్మొచ్చా లేదా చెప్పండి.

పాలమూరు_బయో: నమ్మొచ్చు, ఎంతవరకు అన్నదే లెక్క. చేపకు ఎక్కించేది మనిషి టీబీ సూక్ష్మజీవిని కాదు, దాని దగ్గరి చుట్టం మైకోబాక్టీరియం మారినమ్‌ను. చేపపిల్ల ఒళ్లు అద్దం. మెరిసే బాక్టీరియా ఎక్కిస్తే, మాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవులను మింగే రక్షణ కణాలు) దాన్ని మింగి గుంపుకట్టి గ్రాన్యులోమా అనే గడ్డ అవడం పిల్ల బతికుండగానే సూక్ష్మదర్శినిలో కనబడతది. ఎలుకలో అయితే కొయ్యాలె.

డిండి_గట్టు: చుట్టమే గానీ ఇల్లు వేరన్నా. చేపకు ఊపిరితిత్తులే లేవు. మారినమ్‌కు ఇష్టమైన వేడి 30 నుంచి 33 డిగ్రీలు, మన ఒళ్లు 37. తొలి వారాల్లో పిల్లకు టి-కణాల (రోగాన్ని గుర్తుపెట్టుకుని పోరాడే కణాల) రక్షణ ఉండదు కాబట్టి టీకా గురించి అది ఏమీ చెప్పలేదు. ఇక నీళ్లలో కలిపిన మందు ఒంట్లోకి ఎంత పోయిందో కొలవకుండా 'పనిచెయ్యలేదు' అని రాసేస్తే ఎట్ల?

పాలమూరు_బయో: టీకా మాట ఒప్పుకుంటా. మందు కొలవాలన్నదీ నిజమే. కానీ ఒంట్లో వాపును ఎక్కువ తక్కువ చేసే ఎల్‌టీఏ4హెచ్ జన్యువు సంగతి? 2010లో టీబీ శాస్త్రవేత్త లలితా రామకృష్ణన్ బృందం దాన్ని చేపలో పట్టుకుని, మనిషి టీబీతోనూ దానికి లంకె చూపింది. ఎక్కడ వెతకాలో చేప చూపిస్తది, తీర్పు మాత్రం ఇవ్వదు.

మూసీ_మైక్రో: తేడాలొచ్చేది సూది దగ్గర. రెండు రోజుల పిల్లను లీటరుకు 160 మి.గ్రా. ట్రైకైన్‌తో మత్తులో పెట్టి, తోక సిరలోకి 1 నానోలీటరు ఎక్కించాలె. ఆ చుక్కను మినరల్ ఆయిల్‌లో వేసి చూస్తే అడ్డంగా 0.125 మి.మీ. ఉండాలె. మైకోబాక్టీరియా మైనంలా ఉండలు కడతది. 27 గేజ్ సూదితో పదిసార్లు లాగి వదిలి, 5 మైక్రాన్ ఫిల్టర్ దాటించకపోతే ఒక పిల్లకు పది బాక్టీరియా, పక్కదానికి మూడొందలూ పోతయి. అప్పుడు తేడా మందుదా, మోతాదుదా? అందుకే మధ్యమధ్యల అదే చుక్కను బాక్టీరియా పెంచే ప్లేటు మీద వేసి లెక్కపెట్టాలె.

పానగల్_చెరువు: మరి నీళ్లు?

మూసీ_మైక్రో: మన బోరు నీళ్లు నేరుగా వద్దు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటే ఊళ్లు జిల్లాలో చాలా ఉన్నయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే మన 'నల్లగొండ పద్ధతి' నీళ్లు ఇంకా అనుమానమే: మిగిలిన అల్యూమినియం మొప్పలకు పడదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటది, థయోసల్ఫేట్ వెయ్యాలె. ఆర్‌ఓ నీళ్లు పట్టి, గుడ్లకు లీటరుకు 60 మి.గ్రా. సముద్రపు ఉప్పు కలుపుకోవడం నయం.

డిండి_గట్టు: ఇంకోటి మర్చిపోయిన్రు. పైకి బాగున్న పెద్ద చేపల్లోనే చెలోనే లాంటి మైకోబాక్టీరియా దాక్కుని ఉంటది. కొత్త చేపలను వేరే తొట్లో పెట్టి, వాటి గుడ్లను మాత్రమే బ్లీచ్‌తో కడిగి లోపలికి తీసుకోవాలె. లేకుంటే మీ కంట్రోల్ (పోలిక కోసం రోగం ఎక్కించకుండా ఉంచే చేప) కూడా రోగిదే. చేతికి గాయముంటే గ్లౌజు లేకుండా తొట్లో చెయ్యి పెట్టొద్దు, మారినమ్ మన చర్మానికీ అంటుతది.