రొయ్యల కంపెనీలు పర్యావరణ సర్టిఫికెట్లు ఎవరి కోసం తీసుకుంటున్నాయి?

ఐసుగడ్డ: భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఎగుమతి ప్లాంట్లు చాలానే, సరుకు బాధ్యతగా తయారైందని విదేశీ సంస్థలిచ్చే బీఏపీ, ఏఎస్‌సీ లాంటి సర్టిఫికెట్లు గోడకి తగిలించుకున్నాయి. ఎవరు చెబితే చేశారంటారు? చట్టమా, విదేశీ బయ్యరా, నిజంగానే నీళ్ల మీద బెంగా?

క్వాలిటీడెస్క్: ప్లాంటులో క్వాలిటీ చూసేవాడిగా చెబుతున్నా, బయ్యరే. అమెరికా సూపర్‌మార్కెట్లకు కొనేవాళ్లు ధర కంటే ముందు సర్టిఫికెట్ అడుగుతారు. యూరప్ అయితే 2016లో మన రొయ్యల కన్సైన్‌మెంట్లలో శాంపిల్ తీసే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. యాంటీబయాటిక్ ఆనవాలు దొరికి ఒక్క కంటైనర్ వెనక్కొస్తే ఎంత నష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది. అందుకే ఏ చెరువు సరుకు ఏ లాట్‌లో పడిందో రాయడం మొదలైంది. అధికారులు రాయించలేనిది మార్కెట్ రాయించింది.

ముప్పైకౌంట్: ఆయ్, రాయించుకునేది మీరు, రాసి చచ్చేది మేము. పట్టుబడికి ముందు టెస్టు, మేత బిల్లులు, మందుల పుస్తకం, సీడ్ (రొయ్య పిల్లలు) ఏ హేచరీదో కాగితం, అన్నీ ఇచ్చాను. తీరా రేటు దగ్గర 38 కౌంట్‌ని, అంటే కిలోకి 38 తూగే రొయ్యని, తక్కువ రేటుండే 40 కింద కట్టారు. కాగితాలకి పైసా కలపలేదు.

క్వాలిటీడెస్క్: అది ఏజెంటు చేసిన పని. సర్టిఫికెట్‌కీ దానికీ సంబంధం లేదండి.

ముప్పైకౌంట్: ఏజెంటుని పెట్టిందెవరండి?

పాతగెజిట్: చట్టాన్ని అంత తేలిగ్గా తీసేయకండి. 1996లో సుప్రీంకోర్టు తీరం వెంబడి రొయ్యల చెరువులు తొలగించమన్నాకే కదా అందరికీ వణుకు పుట్టింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ తప్పనిసరైంది.

క్వాలిటీడెస్క్: ఆ చట్టం పోటు గీత (పోటు నీళ్లు చేరే హద్దు) నుంచి 2 కిలోమీటర్ల వరకే. లోపల ఉప్పు బోర్లు వేసి పెంచే చెరువులకు అది వర్తించదు. అక్కడ బయ్యరు తప్ప గట్టిగా అడిగేవాడెవరు?

పాతగెజిట్: సరే, మీ ప్లాంటుకి బీఏపీ నక్షత్రాలెన్ని?

క్వాలిటీడెస్క్: చర్చ దాని మీద కాదు.

పాతగెజిట్: నేను అడిగేది దాని గురించే. ఎన్ని?

ఐసుగడ్డ: చెప్పేయండి సార్, పోయేదేముంది 😀

క్వాలిటీడెస్క్: ఒకటి.

పాతగెజిట్: నాలుగంటే ప్లాంటు, చెరువు, హేచరీ, మేత మిల్లు అన్నీ తనిఖీ అయినట్టు. ఒకటంటే ప్లాంటు మాత్రమే. మీ బయ్యరు చెరువు గట్టు దాకా రానేలేదన్నమాట.

దాళ్వారైతు: పొద్దుట్నుంచి చదువుతున్నా. నక్షత్రాలు, కౌంట్లు, కోర్టులు! చెరువు ఖాళీ చేసిన రోజు ఆ నల్ల నీళ్లు ఎక్కడికి పోతాయో ఒక్కరైనా అన్నారా? మా పంట బోదెలోకే. గట్టు పక్క రెండు మడుల్లో నారు ఎర్రబడిపోయింది, బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేం. ముప్పైకౌంట్ గారూ, మీ రేటు తగ్గిందని ఏడుస్తున్నారు, మా చేను సంగతేంటి?

ముప్పైకౌంట్: నోరు జాగ్రత్తండి. మీ చేను పక్కన చెరువు నాది కాదు. నీళ్లు తేర్చి వదలాలంటే విడిగా చెరువు తవ్వాలి, అంటే ఉన్న నాలుగెకరాల్లో కొంత ఖాళీగా వదులుకోవాలి. కౌలు మాత్రం మొత్తానికీ కట్టాలి. కిలోకి ఇంతని కంపెనీ ఎక్కువిస్తే రేపే తవ్విస్తా.

క్వాలిటీడెస్క్: ఎక్కడి నుంచి ఇస్తామండి? 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచితే, బయ్యర్లు ఆ భారం కూడా మమ్మల్నే మొయ్యమన్నారు. సర్టిఫికెట్ లేకపోతే కొనరు, ఉంటే ఎక్కువేమీ ఇవ్వరు.

దాళ్వారైతు: ఇప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. బయ్యరు ఇవ్వడు, కంపెనీ ఇవ్వదు, చెరువాయన పెట్టడు. ఆ ఖర్చు నా చేలో పడుతోంది. మార్కెట్ చేసిందన్నారే, ఇదేనా?

క్వాలిటీడెస్క్: వచ్చే నెల బయ్యరు తరఫున ఆడిట్ ఉంది. చెరువులు కూడా చూడమని అడుగుతాను.

ముప్పైకౌంట్: అడగండి. మీరు ఏ చెరువు చూపిస్తారో మాకు తెలుసులెండి.