వస కొమ్ము మీద నిజంగా పరీక్షలు జరిగాయా?

రాయగడ కోడలు:
మా పాపకి మూడో నెల. వస పోద్దామని అత్తయ్య పట్టుబడుతున్నారు. సంతలో కొన్న కొమ్ముని ఆముదం దీపం మీద కాల్చి, సాన మీద నా పాలతో అరగదీసి నాలుకకి రాస్తారట. కడుపునొప్పి రాదు, మాటలు తొందరగా వస్తాయి అంటారు. ఆవిడ ప్రేమతోనే చెప్తున్నారు, కాదనడానికి నోరు రావట్లేదు. ఆశా దీదీ మాత్రం ఆర్నెల్ల దాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దంది. నెట్‌లో ఒకచోట ‘శాస్త్రీయంగా నిరూపితం’, ఇంకోచోట క్యాన్సర్. చదివిన దగ్గర్నుంచీ ఒకటే టెన్షన్. అసలు దీన్ని ఎవరైనా పరీక్షించారా?

బరంపురం ఫార్మసీ టీచర్:
పరీక్షించారమ్మా, కానీ ఎక్కువగా ఎలుకల మీద, ల్యాబ్ గొట్టాల్లో. ‘నిరూపితం’ అని రాసేవాళ్లు ఆ మాట చెప్పరు. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జమ్మూ రకం వస నూనెని ఎలుకలకి చాలాకాలం పెడితే పేగుల్లో కణుతులు వచ్చాయని 1967లో ప్రచురించారు, 1968లో అమెరికా ఆహారంలో వసని నిషేధించింది. అది నూనె, పైగా రోజూ పెట్టారు, కాబట్టి ఒక్క చుక్క నాకిస్తే పాపకి క్యాన్సర్ వస్తుందని కాదు. ఆ చుక్కలో ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు, నా భయమల్లా అదే. ఉత్తర అమెరికా రకంలో ఆ పదార్థం ఉండదు, మన దేశంలో దొరికే వసలో బాగా ఉంటుంది, అదీ కొమ్ముకో రకంగా. ఎంతసేపు కాల్చారు, ఎంత అరగదీశారు అన్నదాన్ని బట్టి మళ్లీ మారుతుంది. రేపు ఎవరైనా కొలిచిన మోతాదుతో ట్రయల్ చేసి మంచిదని తేల్చినా అది ఆ మందుకే చెల్లుతుంది, మన సంత కొమ్ముకి కాదు.

పర్లాకిమిడి పెద్దమ్మ:
మా ఇంట్లో పిల్లలందరికీ పోశాం, మనవలకీ పోశాం. ఒక్కరికీ ఏమీ కాలేదు, కడుపునొప్పి కూడా తగ్గింది. అదంతా అబద్ధమేనా బాబూ?

బరంపురం ఫార్మసీ టీచర్:
అబద్ధం కాదు పెద్దమ్మా, తగ్గే ఉంటుంది. కానీ పసిపిల్లల కడుపునొప్పి చాలామందికి మూడు నాలుగు నెలలకి దానంతటదే పోతుంది, సరిగ్గా మనం వస పోసే రోజుల్లోనే. అందుకే పోసినవాళ్లనీ పోయనివాళ్లనీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంటి వైద్యాన్ని అలా చూడలేమని కాదు, పిల్లల దగ్గుకి తేనె ఇచ్చి 2007లో అమెరికాలో అలాగే చూశారు, 105 మంది పిల్లలు, అందరూ రెండేళ్లు దాటినవాళ్లే. తేనె పనిచేసింది. ఏడాది లోపు పిల్లలకి మాత్రం తేనె వద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, వసలో కలిపి కూడా నాకించకండి.

రాయగడ కోడలా, అత్తయ్యగారిని వెంటబెట్టుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లు, వస వద్దన్న మాట ఆయన నోట వింటే ఆవిడా నొచ్చుకోరు. ఒకవేళ ఇప్పటికే పోసి ఉంటే, పాప వాంతులు చేసుకున్నా, మగతగా పడి ఉన్నా, పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. ఆ కొమ్ము ముక్క కూడా పట్టుకెళ్లు, ఒక్కోసారి సంతలో ఒక దాని పేరు చెప్పి ఇంకొకటి అంటగడతారు.