పార్కులో శిల్పం చేయించాలి, శిల్పిని ఎలా ఎంచుకోవాలి? (ఒంగోలు)

గుండ్లకమ్మ గట్టు:

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. ఇంటి దగ్గర పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ళం ఓ యాభై మందిమి ఉన్నాం. మాలో ఒక అన్న, ఈమధ్య వాళ్ళమ్మగారు పోయాక ఆమె గుర్తుగా పార్కులో ఏదైనా చేయిద్దామని 12 లక్షలు ఇస్తానన్నాడు. ఆమె విగ్రహం వద్దన్నాడు, ఫొటో కూడా వద్దన్నాడు. సాయంత్రం పూట ఆమె మనవళ్ళని తీసుకొచ్చి కూర్చునే చోట, పిల్లలు ఎక్కి దిగి తాకి ఆడుకునేలా ఒక మంచి శిల్పం ఉంటే చాలన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఈ పని సరిగ్గా జరగాలని నాకు మనసులో గట్టిగా పడిపోయింది.

మున్సిపల్ ఆఫీసులో అడిగితే, ముందు ఎవరితో చేయిస్తారో మీరే తేల్చుకుని రండి, అనుమతి సంగతి తర్వాత చూద్దాం అన్నారు. సరేనని ఏడుగురం కమిటీగా కూర్చున్నాం. కూర్చున్న గంటకే తలో మాట. ముగ్గురు, నాలుగు కొటేషన్లు తెప్పించి తక్కువ చెప్పినవాళ్ళకి ఇచ్చేద్దాం అంటారు. ఇద్దరు, పోటీ పెట్టి అందరి దగ్గరా డిజైన్లు పంపమందాం, నచ్చింది తీసుకుందాం అంటారు. ఒక పెద్దాయన తన బంధువు ఫైబర్ బొమ్మలు చేస్తాడు, మనవాడే కదా అంటున్నారు. దాదాపు అందరూ ఒంగోలు గిత్త పెడదాం అంటున్నారు. గిత్త అంటే నాకూ ఇష్టమే, కానీ ఏం పెట్టాలో ముందే తేల్చేసి తర్వాత శిల్పిని వెతకడం సరైన పద్ధతేనా అన్నది నా అనుమానం.

ఇంతకుముందు నేను ఉద్యోగం చేసిన ఒక ఊళ్ళో పార్కులో ఫైబర్ జింకలు పెట్టారు. రెండేళ్ళు తిరక్కుండా ఎండకి రంగు పోయింది, చెవులు విరిగాయి, ఆ విరిగిన అంచుకి గీసుకుని మా పాప చెయ్యి తెగింది. మళ్ళీ అలాంటిది నా చేతుల మీదుగా జరక్కూడదు. ఈ రంగం తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

రాతిబొమ్మ:

అన్నా, నేను శిల్పకళ చదువుకుని పదిహేనేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ముందు ఆ డిజైన్ల పోటీ ఆలోచన మానుకోండి. ఎందుకో నా అనుభవం చెప్తాను. కొన్నేళ్ళ క్రితం ఒక పట్టణంలో ఇలాగే పోటీ పెడితే మూడు వారాలు రాత్రింబవళ్ళు కూర్చుని మట్టి నమూనా చేసి, ఫొటోలు తీసి, కొలతలన్నీ రాసి పంపాను. జవాబు లేదు. ఏడాది తర్వాత ఆ దారిన వెళ్తుంటే నా నమూనాకి చాలా దగ్గరగా ఉన్నది సిమెంటుతో కట్టి కనిపించింది. చేసింది ఎవరో కాంట్రాక్టరు. అప్పటి నుంచి డిజైన్ ఉచితంగా పంపమన్న పిలుపుకి నేను వెళ్ళను, నాకు తెలిసిన మంచి పనివాళ్ళు చాలామంది వెళ్ళరు. అంటే అలాంటి పోటీకి పని తక్కువగా ఉన్నవాళ్ళే వస్తారు, మీరు వాళ్ళలోంచే ఎంచుకోవాల్సి వస్తుంది.

దానికి బదులు ఇలా చేయండి. మొదటి పిలుపులో డిజైన్ అడక్కండి. ఇంతకుముందు చేసిన పనుల ఫొటోలు ఓ పది, అవి ఎక్కడ ఉన్నాయి, ఏ సంవత్సరం చేశారు, ఎంత ఖర్చయింది, ఎవరు చేయించారు, ఇంతే అడగండి. పిలుపులో మీ డబ్బు 12 లక్షలు అని దాచకుండా రాయండి. డబ్బు ఎంతో చెప్పకపోతే ఒకరు 3 లక్షల పని, ఇంకొకరు 40 లక్షల పని చూపిస్తారు, రెండింటినీ పోల్చలేరు. వచ్చిన వాళ్ళలో ముగ్గురిని పిలవండి. ఆ ముగ్గురికీ నమూనా చేసినందుకు తలా 20 వేలో 25 వేలో ఇవ్వండి, పని రాని ఇద్దరికీ ఇవ్వాలి. 12 లక్షల్లో ఇది పెద్ద ఖర్చేమీ కాదు. ఆ ముగ్గురూ పార్కుకి వచ్చి ఒక పూట కూర్చోవాలి. ఎండ ఎటు నుంచి పడుతుంది, పిల్లలు ఎటు పరిగెడతారు, ముసలివాళ్ళు ఎక్కడ ఆగుతారు, ఇవి చూడకుండా చేసిన నమూనా మీకెందుకు?

ఇంకో మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఫొటోలు చూసి ఎంచుకోకండి. ఆ ముగ్గురూ అయిదారేళ్ళ క్రితం చేసిన పని ఒక్కొక్కటి కమిటీలో ఇద్దరైనా వెళ్ళి కళ్ళతో చూడండి. కొత్తగా పెట్టినప్పుడు ఏదైనా బాగానే ఉంటుంది. అయిదు వానాకాలాలు గడిచాక అతుకులు ఎలా ఉన్నాయి, పునాది కుంగిందా, ఇనుము తుప్పు బయటికి కారిందా, అక్కడి కాపలా మనిషి ఏమంటాడు, ఇవి చూస్తే మనిషి పనితనం మీకే తెలిసిపోతుంది.

పాత ఏఈ:

నేను మున్సిపల్ ఇంజనీరింగ్‌లో చేసి రిటైరయ్యాను. తక్కువ కొటేషన్ పద్ధతి గురించి నేను చెప్పాలి, ఎందుకంటే జీవితమంతా ఎల్1, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవాళ్ళకి పని ఇచ్చే ఫైళ్ళే చూశాను. డ్రైనేజీ కాలువకి కొలత ఉంది, సిమెంటు పాళ్ళు ఉన్నాయి, ఎవరు కట్టినా అదే కాలువ రావాలి, అందుకని ధర మీద తేల్చవచ్చు. శిల్పానికి ఆ కొలత ఎక్కడుంది? పైగా టెండరు పెడితే ఈఎండీ (ముందే కట్టే ధరావతు), టర్నోవరు, కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ అడుగుతారు, అవి శిల్పి దగ్గర ఉండవు. అవి ఉన్న కాంట్రాక్టరు పని పట్టుకుని సగం ధరకి శిల్పికి అప్పజెప్తాడు. మీది దాత డబ్బు కాబట్టి ఆ చిక్కు మీకు లేదు. చేజేతులా తెచ్చుకోకండి.

అయితే ఆఫీసు వాళ్ళు చెప్పిన వరస తిరగేయండి. అనుమతి ముందు, శిల్పి తర్వాత. 2013 జనవరిలో సుప్రీంకోర్టు, రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజల అవసరాలకు ఉన్న స్థలాల్లో విగ్రహాలకి గానీ కట్టడాలకి గానీ అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకి ఉత్తర్వు ఇచ్చింది. పార్కు అనగానే ఫైలు మీద ఎవరో ఒకరు దాన్ని ఎత్తి చూపుతారు. మీ దరఖాస్తులో ఇది ఏ వ్యక్తి విగ్రహమూ కాదని, పిల్లలు ఆడుకోవడానికి, పెద్దలు కూర్చోవడానికి పార్కు వాడకంలో భాగమని స్పష్టంగా రాసి, ఎంత స్థలమో గీసి చూపించి, జవాబు కాగితం మీద తీసుకోండి. నోటిమాట మీద ముగ్గురు శిల్పుల్ని తిప్పుకుని తర్వాత కాదంటే వాళ్ళ ముఖం చూడలేరు.

ఇక లెక్కలు. 12 లక్షలూ శిల్పానికే అనుకోకండి. ఆరడుగుల ఎత్తు, మూడేసి అడుగుల వెడల్పు మందం ఉన్న గ్రానైటు దిమ్మె అంటే 54 ఘనపుటడుగులు, అడుగుకి 80 కిలోల లెక్కన నాలుగు టన్నులు దాటిపోతుంది. దానికి లారీ, క్రేను, క్రేను లోపలికి రావడానికి గేటు పక్క గోడ తీసి మళ్ళీ కట్టడం, పునాది, లైట్లు, జీఎస్టీ. ఒంగోలుది నల్లరేగడి, వానకి ఉబ్బి ఎండకి బీటలు వారే నేల, పునాది లోతుగా పోవాలి. సముద్రం ఇక్కడికి దగ్గర, కొత్తపట్నం గాలి మనదాకా వస్తుంది. లోపల ఇనుప చువ్వ పెట్టి పైన పల్చగా సిమెంటు పూసిన బొమ్మలు ఆ ఉప్పుగాలికి పగులుతాయి, చువ్వ తుప్పుపట్టి ఉబ్బి సిమెంటుని బయటికి తోస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన దగ్గర గాలి ఎలా ఉందో అందరం చూశాం. కాబట్టి ఎవరు చేసినా స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం ఉండాలి. మూడు లక్షలు వీటికి పక్కన పెట్టి, మిగిలిన తొమ్మిదే శిల్పిది అని ముందే చెప్పండి.

సంతపేట పంతులమ్మ:

తమ్ముడూ, మీ ఏడుగురి కమిటీలో ఆడవాళ్ళు ఎంతమంది? పిల్లల తరఫున ఎవరున్నారు? పార్కులో పొద్దున గంటసేపు నడిచి వెళ్ళేవాళ్ళు మీరు, సాయంత్రం మూడు గంటలు ఉండేది పిల్లలూ వాళ్ళ అమ్మలూ అమ్మమ్మలూ. తోటమాలి రోజంతా అక్కడే ఉంటాడు, అతన్ని అడిగారా? నేను బడిపిల్లల్ని అలాంటి చోట్లకి తీసుకెళ్తుంటాను కాబట్టి చెప్తున్నా, వాళ్ళు బొమ్మని దూరం నుంచి చూసి ఊరుకోరు. ముందు చేత్తో తడుముతారు, తర్వాత ఎక్కుతారు, తర్వాత దాని కింద దూరతారు. ఆ మూడూ చేయనివ్వని బొమ్మ అయితే ఆ అన్నయ్య వాళ్ళమ్మ గుర్తుకి పనికిరాదు.

గిత్త మాటకొస్తే, వద్దని నేను అనను. ఇక్కడి నుంచి వెళ్ళిన పశువులే బ్రెజిల్‌లో నెలోర్ అన్న పేరుతో పెరిగి అక్కడి మాంసం పరిశ్రమకి ఆధారమయ్యాయి, మన పిల్లలకి అది తెలియదు. కానీ గిత్తే కావాలని మీరు పిలుపులో రాసేస్తే, వచ్చేది కాలెత్తి నిలబడ్డ అదే గిత్త. ఆ తల్లి గురించి, ఆమె కూర్చున్న చోటు గురించి ఒక పేజీ రాసి ఇచ్చి, మిగతాది శిల్పికి వదిలేయండి. పడుకుని నెమరేసుకుంటున్న ఆవు, దాని వీపు మీద పిల్లలు కూర్చునేలా, ఎవరికైనా తోచవచ్చు. మనకి తోచనిది కూడా తోచవచ్చు.

గుండ్లకమ్మ గట్టు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. పంతులమ్మగారూ, కమిటీలో ఆడవాళ్ళు ఒక్కరే ఉన్నారు, అది మా తప్పు, సరిచేస్తాం. ఇంకో రెండు సంగతులు తేలడం లేదు. బంధువుని తెచ్చిన పెద్దాయన కమిటీలోనే ఉన్నారు, ఆయన్ని నొప్పించకుండా ఎలా? రెండు, మన జిల్లావాళ్ళకే ఇవ్వాలా, బయటివాళ్ళని పిలవొచ్చా? చీమకుర్తి రాయి ఇంత దగ్గర ఉండి వేరేది వాడితే జనం ఏమంటారోనని కూడా ఉంది.

రాతిబొమ్మ:

పెద్దాయన సంగతి సులువు. పిలుపు పంపకముందే అందరూ కలిసి ఒక కాగితం రాసుకోండి: ఎవరి బంధువు, వ్యాపార భాగస్వామి దరఖాస్తు పెడితే ఆ సభ్యుడు ఎంపిక రోజున మార్కులు వేయకూడదు, ఆ గదిలో ఉండకూడదు. అందరికీ ఒకటే మాట కాబట్టి ఆయన ఒక్కణ్ణి వేలెత్తి చూపినట్టు ఉండదు. బంధువు పని నిజంగా బాగుంటే మిగతావాళ్ళే ఎంచుకుంటారు.

రాయి, మనిషి, ఈ రెండూ వేరు. చీమకుర్తి గెలాక్సీ నల్లరాయిలో ఆ బంగారు చుక్కలు మెరుగు పెడితేనే కనిపిస్తాయి. ఉలి తగిలిన చోట బూడిద రంగులోకి వస్తుంది. తెలిసిన శిల్పి ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి అందం తీస్తాడు. చాలా గట్టి రాయి, డైమండ్ బ్లేడు, కార్బైడ్ ఉలి లేకుండా పని జరగదు. పల్నాడులో దుర్గి, నంద్యాల వైపు ఆళ్ళగడ్డ, ఈ రెండు చోట్లా తరతరాలుగా రాతిపని ఉంది, వాళ్ళకీ పిలుపు పంపండి, కానీ ఈ రాయి మీద చేసిన పని చూపించమనండి, ఒక రాయి చెక్కిన చెయ్యి ఇంకో రాయికి అలవాటు పడడానికి టైం పడుతుంది. రాయికి పెద్ద దిమ్మె కొనక్కర్లేదు, క్వారీల దగ్గర ఎగుమతికి పనికిరాదని పక్కన పెట్టిన ముక్కలు గుట్టలుగా ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: మెరుగు పెట్టిన నల్లరాయి ఒంగోలు మే నెల ఎండలో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. పిల్లలు తాకాలంటే అది చెట్టు నీడలోనే ఉండాలి, లేదా తాకే చోటు మెరుగు లేకుండా వేరే లేతరంగు రాయితో చేయాలి. ఇది శిల్పిని నోటితో అడగండి, చెప్పిన జవాబుని బట్టి సగం తెలిసిపోతుంది.

పంతులమ్మగారు అన్న మాటకి ఒకటి కలుపుతాను. న్యూయార్క్‌లో ఒక ప్రభుత్వ భవనం ముందు 1981లో రిచర్డ్ సెర్రా అనే పెద్ద శిల్పి 120 అడుగుల పొడవున్న ఉక్కు గోడ నిలబెట్టాడు. ఎంచుకున్నది కళ తెలిసిన నిపుణులే. రోజూ ఆ ఆవరణ దాటి ఆఫీసుకి వెళ్ళేవాళ్ళలో చాలామందికి అది దారికి అడ్డంగా అనిపించింది, గొడవై, విచారణ జరిగి, 1989లో ముక్కలు చేసి తీసేశారు. నాకు ఆ శిల్పి అంటే గౌరవం, అయినా ఆ జనం బాధ కూడా నిజమే. అందుకే ఎంపికలో సగం కళ తెలిసినవాళ్ళు, సగం ఆ పార్కు వాడేవాళ్ళు ఉండాలి.

చివరగా ఒప్పందం. డబ్బు విడతలుగా ఇవ్వండి: సంతకం రోజున 30 శాతం, మట్టి నమూనా ఒప్పుకున్నాక కొంత, రాయి పూర్తయ్యాక కొంత, నిలబెట్టిన ఆరు నెలలకి చివరి 10 శాతం. శిల్పి పేరు రాతి మీద ఉండాలి. రేపు ఎవరైనా దానికి ఆకుపచ్చ పెయింటు వేయాలన్నా, జరపాలన్నా శిల్పిని అడగాలని ఒప్పందంలో రాయండి. తన పరువు పోయేలా శిల్పాన్ని మార్చినా పాడుచేసినా అడ్డుకునే హక్కు కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ శిల్పికి ఇస్తుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేస్తే, ఆయన కోర్టుకెళ్ళి, 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ మిగిలిన భాగాలు ఆయనకి తిరిగి ఇవ్వమని, 5 లక్షలు పరిహారం కట్టమని చెప్పింది. ఇన్నేళ్ళ తర్వాత ముక్కలు చేతికొచ్చాయి.

పాత ఏఈ:

ఏటా కడగడానికి, అతుకులు చూడడానికి కొంత డబ్బు దాత పేరున బ్యాంకులో వేసి వడ్డీతో నడిచేలా చూడండి. ఆ పద్దు లేక పాడైపోయినవి నేను చాలా చూశాను.

గుండ్లకమ్మ గట్టు:

నిన్న సాయంత్రం కూర్చున్నాం. కమిటీలోకి ఇద్దరు అమ్మల్ని, తోటమాలిని తీసుకున్నాం. బంధువుల కాగితం మీద అందరూ సంతకం చేశారు, పెద్దాయనే మొదట చేశారు. కొటేషన్ల మాట వదిలేశాం. అనుమతి దరఖాస్తు ఏఈ గారు చెప్పినట్టు రాసి సోమవారం ఇస్తున్నాం, అది వచ్చాకే పిలుపు. ఆ అన్న వాళ్ళమ్మగారి గురించి పేజీ రాయమంటే, రాస్తూ రాస్తూ ఏడ్చాడు, నాలుగు పేజీలు అయింది, కుదించకుండా అలాగే శిల్పులకి ఇద్దామనుకుంటున్నాం.

తోటమాలి ఒక మాటన్నాడు. ఆమె కూర్చున్న వేపచెట్టు వేర్లు పడమటి వైపు పైపైనే ఉన్నాయంట, పునాది అటు తవ్వితే రెండేళ్ళలో చెట్టు ఎండిపోతుందన్నాడు. అందుకని తూర్పు వైపు సున్నంతో గీత గీసి వచ్చాం. చీమకుర్తిలో ఆ మిగులు రాళ్ళు చూపించగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి, వచ్చే ఆదివారం నలుగురం వెళ్దామనుకుంటున్నాం.